టర్బో బండికి గట్టి క్లచ్: మూడు, నాలుగు పాఠాలు కలిపి

పోయిన వారం పాఠం రాలేదు. కారణం మేడారం. జాతర రోజుల్లో ములుగు దాటి తాడ్వాయి అడవి దాకా బండి వెనక బండి. మొదటి గేరులో ఒక అడుగు, ఆగడం, మళ్లీ ఒక అడుగు. తల్లులు వనప్రవేశం చేశాక ఆ బండ్లన్నీ ఒక్కటొక్కటిగా నా షెడ్డు ముందుకు చేరాయి. కాలిన క్లచ్ వాసన ఎట్లుంటదో తెలియనివాళ్లు ఆ వారం మా గల్లీలో నడిచినా తెలిసిపోయేది. అందుకని ఈసారి రెండు పాఠాలు కలిపి ఇస్తున్నాను. మూడోది కొనేముందు వేయాల్సిన లెక్క. నాలుగోది బిగించేటప్పుడు చేతులు చేసే తప్పులు.

కొత్తగా చదువుతున్నవాళ్లకు ఒక్క ముక్క. ఇంజన్ తోకకు బిగించి ఉండేది ఫ్లైవీల్. దాని మొహానికి ఆనుకునేది క్లచ్ ప్లేటు. ఆ ప్లేటును వెనక నుంచి అదిమిపట్టేది ప్రెషర్ ప్లేటు. పెడల్ తొక్కినప్పుడు ఆ పట్టు వదిలించేది రిలీజ్ బేరింగ్. మన పాఠాలన్నిటికీ ఒకే బండిని ముందు పెట్టుకున్నాం: 2011లో మన దేశంలోకి వచ్చిన స్కోడా లారా ఆర్‌ఎస్. 1.8 లీటర్ల టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంకా) పెట్రోల్, 160 పీఎస్, 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం), ఆరు గేర్ల మాన్యువల్. నా దగ్గరికి వచ్చినది కాజీపేట నిట్‌లో చదువుకుని, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ శనివారం శనివారం హన్మకొండకు వచ్చిపోయే పిల్లగానిది. రిమాప్ చేయించాడు, అంటే ఇంజన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్పించి టార్క్ పెంచుకున్నాడు. కాగితం మీద టార్క్ 340 అని ఉంది. నెల తిరగకముందే క్లచ్ జారడం, అంటే ఫ్లైవీల్ తిరిగినంత ప్లేటు తిరగకపోవడం, మొదలైంది.

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్క్ సంగతి. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో, 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ నిండా తొక్కి రెండు ముళ్లూ చూడమన్నాను. స్పీడు ముల్లు నెమ్మదిగా ఎక్కుతుంటే ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారి ఎగిరితే క్లచ్ జారుతున్నట్టు. ఇద్దరు మాత్రం "రెండో గేరుల చూసిన, ఏం జారలే, మంచిగున్నట్టేనా అన్నా" అని అడిగారు.

రెండో గేరులో జారకపోతే ఏమీ తేలలేదన్నట్టే. చిన్న గేర్లలో ఇంజన్ చకచకా వేగం పుంజుకుంటుంది. అట్లా పుంజుకోవడానికి క్రాంకును (ఇంజన్ లోపల తిరిగే ఇరుసు), ఫ్లైవీల్‌ను తిప్పుకోవాలి కాబట్టి తన టార్క్‌లో కొంత తనే తినేస్తుంది. క్లచ్ దాకా వచ్చేది మిగిలిందే. పైగా టర్బో నిండా ఒత్తిడి కట్టేలోపే గేరు అయిపోతుంది. నాలుగో గేరులో అట్లా కాదు. బండి నిదానంగా వేగం ఎక్కుతుంది, టర్బోకు కావాల్సినంత టైము దొరుకుతుంది, టార్క్ దాదాపు మొత్తం క్లచ్ మీదే పడి చాలాసేపు అక్కడే ఉంటుంది. అందుకే దొంగ అక్కడ దొరుకుతాడు.

పిల్లగాని లారా 2,500 దగ్గర జారింది. 4,500 దాటాక అదే క్లచ్ మళ్లీ పట్టుకుంది. అతనికి అది వింతగా తోచింది: "పవర్ ఎక్కువున్న కాడ జారాలె గదా?" ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. క్లచ్‌కు పవర్‌తో పని లేదు, టార్క్‌తోనే పని. 2,500 ఆర్‌పీఎం దగ్గర 340 న్యూటన్ మీటర్లంటే లెక్కకు 89 కిలోవాట్లు, అంటే 121 పీఎస్. బండి అసలు పవర్ కన్నా అది తక్కువే. అయినా క్లచ్ చేతులెత్తేసింది. టర్బో ఇంజన్ స్వభావమే అది, కింది ఆర్‌పీఎంలోనే భుజం మీద బరువు మొత్తం పెట్టేస్తుంది. కాబట్టి పీఎస్ చూసి క్లచ్ కొనకండి.

మూడో పాఠం: కొనేముందు

క్లచ్ ఎంత టార్క్ మోస్తుందో చెప్పే లెక్కలో నాలుగే అంకెలున్నాయి. రాసే ముఖాలు ఎన్ని, ఘర్షణ గుణకం ఎంత, ప్రెషర్ ప్లేటు అదిమే బలం ఎంత, రాపిడి జరిగే చోటు నడిమధ్య నుంచి ఎంత దూరం. నాలుగింటినీ గుణిస్తే చాలు.

ఉదాహరణకు గుండ్రంగా కొన్ని అంకెలు తీసుకుందాం. మీ బండివి మీరే కొలుచుకోవాలి. ప్లేటు బయటి వ్యాసం 228 మిల్లీమీటర్లు, లైనింగ్ (ప్లేటు మీద రాపిడికి అతికించిన పొర) లోపలి వ్యాసం 150. వ్యాసార్ధాలు 114, 75. సగటు 94.5 మిల్లీమీటర్లు, అంటే 0.0945 మీటర్లు. ఒక ప్లేటుకు రెండు ముఖాలు. మామూలు ఆర్గానిక్ లైనింగ్ ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. అదిమే బలం 6,000 న్యూటన్లు. ఇది 600 కిలోలకు పైమాటే. నలభై కిలోల మిర్చి బస్తాలు పదిహేను ఒకదాని మీద ఒకటి పేర్చి ఆ ప్లేటు మీద పెట్టినట్టు.

2 × 0.3 × 6,000 × 0.0945 = 340.

కంపెనీ టార్క్ 250 కాబట్టి వంద రూపాయల పనికి నూటముప్పై ఆరు జేబులో ఉన్నట్టు. కంపెనీవాళ్లు ఆ మిగులు ఉత్తగా పెట్టలేదు. లైనింగ్ వేడెక్కితే ఘర్షణ గుణకం తగ్గుతుంది. 0.3 కాస్తా 0.25 అయితే పై లెక్క 283కు దిగుతుంది. అప్పటికీ 250కి సరిపోతుంది. ఆ మిగులంతా ఎండాకాలానికి, ట్రాఫిక్‌కు, ఎత్తు రోడ్డుకు దాచిపెట్టింది. రిమాప్‌తో 340కి పోయిన రోజే దాచిందంతా ఖర్చయింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగుండి, మధ్యాహ్నం ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా ఆగి ఆగి వచ్చాక జారుతోందంటే కారణం ఇదే. క్లచ్‌లో లోపం వెతకనక్కర్లేదు, లెక్కే సరిపోలేదు.

ఇప్పుడు మనకు ఎంత కావాలి? 340 మీద పావువంతు మిగులు పెట్టుకుంటే 425. ఆ అంకెను ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. దుకాణానికి పోయినా, ఆన్‌లైన్‌లో చూసినా అడగాల్సింది ఆ ఒక్కటే: ఇది ఎన్ని న్యూటన్ మీటర్లు మోస్తుంది? పెట్టె మీద స్టేజ్ 1, స్టేజ్ 2, స్టేజ్ 3 అని పెద్ద అక్షరాలుంటాయి. వాటికి అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఒకరి స్టేజ్ 2 ఇంకొకరికి స్టేజ్ 3. అంకె చెప్పనివాళ్ల దగ్గర కొనకపోవడమే మేలు.

425 తెచ్చుకోవడానికి దారులు మూడు. మొదటిది అదిమే బలం పెంచడం. 6,000ను 7,500 చేస్తే లెక్క అచ్చంగా 425కు వస్తుంది. బదులుగా పెడల్ బరువెక్కుతుంది. పెడల్ తొక్కిన ప్రతిసారీ ఆ బలం రిలీజ్ బేరింగ్ మీదుగా క్రాంకును ముందుకు తోస్తుంది, దాన్ని ఆపే థ్రస్ట్ వాషర్ల మీద పడుతుంది. పావువంతు పెరిగితే ఇంజన్ ఓర్చుకుంటుంది. "ఎందుకైనా మంచిది" అని రెట్టింపు బలం వేయించుకుని, సిగ్నల్ పడిన ప్రతిసారీ పెడల్ మీద కాలు పెట్టి కూర్చునేవాళ్ల ఇంజన్లు నేను విప్పి చూశాను. క్లచ్ కొత్తగా ఉంటుంది, థ్రస్ట్ వాషర్ రేకులా ఉంటుంది.

రెండోది లైనింగ్ మార్చడం. ఆర్గానిక్ మెత్తగా పట్టుకుంటుంది, రోజూ వాడే బండికి అదే అమ్మలాంటిది. కెవ్లార్ ఎక్కువ కాలం నిలుస్తుంది కానీ కుదురుకోవడానికి టైము అడుగుతుంది, ఒకసారి బాగా కాలిందంటే మళ్లీ కోలుకోదు. సిరామిక్, సింటర్డ్ బిళ్లల ప్లేట్లు గట్టిగా పట్టుకుంటాయి, వేడికి బెదరవు. కానీ వాటికి పట్టుకోవడం, వదలడం రెండే తెలుసు. మధ్యలో మెల్లగా జారడం తెలియదు. ఎనుమాముల మార్కెట్ ముందు మిర్చి లారీల నడుమ అంగుళం అంగుళం కదలాల్సి వస్తే బండి కుక్కపిల్లలా ఎగురుతుంది. ట్రాక్ మీద పొద్దంతా తిరిగే బండికి అది సుగుణమే, మన ఊర్లో నడిపే బండికి శిక్ష.

మూడోది రెండు ప్లేట్ల క్లచ్. ముఖాలు రెండుకు నాలుగవుతాయి కాబట్టి అదే బలంతో పట్టు రెట్టింపవుతుంది, పెడల్ తేలికగానే ఉంటుంది. ధర మాత్రం కళ్లు తిరిగేలా ఉంటుంది. 340 న్యూటన్ మీటర్లకు అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

పిల్లగానికి నేను చెప్పింది మొదటిదే: స్ప్రింగులున్న ఆర్గానిక్ ప్లేటు, పావువంతు గట్టి ప్రెషర్ ప్లేటు. అతను సిరామిక్ అన్నాడు. వాళ్ల అమ్మగారు కూడా ఈ బండిలో భద్రకాళి గుడికి పోతారని అతనే అన్నాడు కాబట్టి అక్కడితో ఆ మాట ఆగింది.

ఇక ఫ్లైవీల్. దీని మీద ఉన్నన్ని అపోహలు ఇంకో సామాను మీద ఉండవు.

ఇంట్లో ఇసుర్రాయి తిప్పినవాళ్లకు ఫ్లైవీల్ గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. మొదటి చుట్టుకే భుజం నొస్తుంది, ఆ తర్వాత రాయే చేతిని లాక్కుపోతుంది. కుమ్మరి సారె కూడా అంతే. కర్రతో నాలుగు తిప్పులు తిప్పి వదిలితే కుండ అయ్యేదాకా తిరుగుతుంది, అంచున ఉన్న బరువే దానికి ప్రాణం. పొలాల్లో పాత ఆయిల్ ఇంజన్ పక్కన అంత పెద్ద ఇనుప చక్రం ఎందుకుండేది? ఒక్క సిలిండర్, రెండు చుట్లకు ఒక్కసారి మంట. మిగతా సమయమంతా ఇంజన్‌ను నడిపింది ఆ చక్రమే.

కారులో నాలుగు సిలిండర్లు, చుట్టుకు రెండు మంటలు. ఐడిల్‌లో 900 ఆర్‌పీఎం అంటే సెకనుకు 30 దెబ్బలు. ఆ దెబ్బలను మింగేది ఫ్లైవీల్ బరువు. బరువు తగ్గిస్తే ఇంజన్ చురుగ్గా లేస్తుంది, నిజమే. ఎంత చురుగ్గా? అది కూడా లెక్కేద్దాం, ఎందుకంటే బండి రాకెట్ అయిపోతుందని నమ్మి డబ్బులు పోసేవాళ్లు ఉన్నారు.

అంచుల నుంచి 3 కిలోలు తీసేశాం అనుకుందాం, నడిమధ్య నుంచి 12 సెంటీమీటర్ల దూరంలో. తగ్గిన జడత్వం 3 × 0.12 × 0.12, అంటే 0.0432. ఇది బండి మొత్తం బరువుతో చూస్తే ఎంతకు సమానమో తెలియాలంటే గేరు నిష్పత్తిని చక్రం వ్యాసార్ధంతో భాగించి, వర్గం చేసి, దీన్ని గుణించాలి. మొదటి గేరులో మొత్తం నిష్పత్తి 13, చక్రం వ్యాసార్ధం 0.31 మీటర్లు అనుకుంటే 76 కిలోలు వస్తుంది. బండిలోంచి ఒక మనిషిని దింపేసినట్టు! నాలుగో గేరులో నిష్పత్తి 4 అనుకోండి. వచ్చేది 7 కిలోలు. ఒక సంచి కూరగాయలు.

అంటే తేలిక ఫ్లైవీల్ లాభమంతా మొదటి గేరులో, కొంత రెండో గేరులో ఉంది. హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఉన్నా లేనట్టే. దానికి కట్టే సుంకం మాత్రం ప్రతి సిగ్నల్ దగ్గరా కట్టాలి. కింది ఆర్‌పీఎంలో టర్బో ఇంకా మేలుకోదు, ఇంజన్ చేతిలో టార్క్ తక్కువ. ఇదివరకు ఆ లోటును ఫ్లైవీల్‌లో దాచిన శక్తి పూడ్చేది. ఇప్పుడది లేదు. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఏసీ వేసుకుని ఆగి కదలబోతే బండి ఠక్కున ఆగిపోతుంది. ఆగకుండా ఉండాలని యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కి, క్లచ్‌ను ఎక్కువసేపు జారిస్తాం. జారుడంటే వేడి.

వేడి సంగతి ఈ లెక్కలన్నిటికీ మూలం, కాస్త నిదానంగా చూద్దాం. ఇంజన్ వేగం నిలకడగా ఉంచి బండిని కదిలిస్తే, బండికి ఎంత గతిశక్తి వచ్చిందో సుమారు అంతే శక్తి క్లచ్‌లో వేడిగా మారుతుంది. 1,400 కిలోల బండిని గంటకు 20 కిలోమీటర్ల వేగానికి తెస్తే దాదాపు 21,600 జౌళ్లు. ఆ వేడిని తాగేది ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటుల ఇనుము. 5 కిలోల ఇనుము తాగిందనుకుంటే ఒక్కో కదలికకు దాదాపు 9 డిగ్రీలు పెరుగుతుంది. మధ్యలో గాలి తగిలితే దిగుతుంది, అది వేరే మాట.

ఇప్పుడు మేడారం రోడ్డు. పెడల్ సగం తొక్కి బండిని పాకిస్తుంటారు. ఆ సమయంలో క్లచ్ మీద 30 న్యూటన్ మీటర్లు, రెండు ముఖాల వేగాల మధ్య తేడా సెకనుకు 60 రేడియన్లు అనుకోండి. 30 × 60 = 1,800 వాట్లు. రెండు ఇస్త్రీ పెట్టెలు పక్కపక్కన పెట్టి, మూసిన పెట్టెలో ఆన్ చేసినట్టు. ఒక్క నిమిషానికి 43 డిగ్రీలు. అదే ఇనుము 3 కిలోలే ఉంటే 72 డిగ్రీలు. ఫ్లైవీల్ తేలికైతే వేడి దాచుకునే గది కూడా చిన్నదైపోతుందని చాలామందికి తట్టదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక క్లచ్ ఎంత.

అందుకే నా మాట ఒక్కటే. వరంగల్‌లో నడిచే బండికి అన్నిటికన్నా తేలికైన ఫ్లైవీల్ వద్దు. అల్యూమినియం అసలే వద్దు. మధ్యరకం బరువున్న స్టీలు ఫ్లైవీల్ చాలు.

మరి కంపెనీ వేసిన డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఎందుకు తీయాలి? తీయాలని నేను అనలేదు. అది బాగుంటే ఉంచండి. జర్మనీకి చెందిన లుక్ కంపెనీ 1985లో దీన్ని పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. రెండు చక్రాలు, మధ్యలో వంపు తిరిగిన పొడుగాటి స్ప్రింగులు, గ్రీజు. ఇంజన్ దెబ్బలు గేర్‌బాక్స్‌కు చేరకముందే ఆ స్ప్రింగులు మింగేస్తాయి. అందుకే బండి అంత నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ స్ప్రింగులు కంపెనీ టార్క్‌ను చూసి పెట్టినవి. రిమాప్ టార్క్‌తో చాలాకాలం కొడితే చివరిదాకా ముడుచుకుని గుద్దుకుంటాయి. పిల్లగాని బండిలో అప్పటికే పోయింది, కొత్తది కొంటే ధర ఒకే ఇనుప దిమ్మెగా ఉండే సింగిల్ మాస్ కిట్‌కు మించి ఉంది. కాబట్టి సింగిల్ మాస్‌కు మారాం.

మారేముందు అతనికి ఒక మాట ముందే చెప్పాను: న్యూట్రల్‌లో పెడల్ వదిలి నిలబెడితే గేర్‌బాక్స్‌లోంచి డబ్బాలో గులకరాళ్లు కదిపినట్టు చప్పుడొస్తది, పెడల్ తొక్కితే ఆగిపోతది, అది రిపేరు కాదు, ఇక అంతే. ఖాళీగా తిరిగే గేర్ల పళ్లు ఒకదానికొకటి తాకే చప్పుడది. అతను సరేనన్నాడు. వాళ్ల అమ్మగారికి చెప్పడం మరిచినట్టున్నాడు. మొదటి శనివారమే ఫోన్: "ఏం జేసినవ్ బిడ్డా, బండి ఖరాబయింది!"

ఇంకో చిన్న సంగతి. కొన్ని బండ్లలో ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, క్రాంకు తిరిగే తీరును చూసి, సిలిండర్‌లో మంట తప్పడాన్ని, అంటే మిస్‌ఫైర్‌ను పసిగడుతుంది. ఫ్లైవీల్ బాగా తేలికైతే క్రాంకు అదురు పెరిగి, లేని మిస్‌ఫైర్‌ను ఉన్నట్టు చూసి ఇంజన్ లైటు వెలిగిస్తుంది. ప్లగ్గులు, కాయిల్స్ మార్చి డబ్బులు పోగొట్టుకోకండి.

పాత ఇనుప ఫ్లైవీల్‌కు లేత్ మీద రంధ్రాలు వేయించి తేలిక చేసుకుందామని అడిగేవాళ్లకు: వద్దు, వద్దు, వద్దు. 28 సెంటీమీటర్ల ఫ్లైవీల్ 6,500 ఆర్‌పీఎంలో తిరిగితే దాని అంచు వేగం గంటకు 343 కిలోమీటర్లు. పోత ఇనుము లాగుడుకు ఓర్వదు, ఆర్‌పీఎం రెట్టింపైతే ఆ లాగుడు నాలుగింతలవుతుంది. పగిలితే ముక్కలు వచ్చేది మీ కాళ్ల మీదికే. కొన్నా ఫోర్జ్‌డ్ స్టీలుదే కొనండి, వీలైతే రేసు సామాను భద్రతకు ఇచ్చే ఎస్‌ఎఫ్‌ఐ 1.1 ముద్ర ఉన్నది.

నాలుగో పాఠం: బిగించేటప్పుడు

గేర్‌బాక్స్ దించడం ఒక్కో బండికి ఒక్కో తీరు, సర్వీస్ మాన్యువల్ చూసుకోండి. బ్యాటరీ నెగటివ్ ముందు తీయండి. బండిని జాకీ మీద కాదు, స్టాండ్ల మీద నిలబెట్టండి. ఇంజన్‌కు పైనుంచి ఊతం ఇవ్వండి. గేర్‌బాక్స్‌ను ఒక్కడే ఛాతీ మీద దింపుకునే పహిల్వాన్లను నేను చూశాను, వాళ్ల నడుములనూ చూశాను. క్లచ్‌ను కప్పే గేర్‌బాక్స్ మూతి, అదే బెల్ హౌసింగ్‌లో ఉండే నల్లటి పొడిని కంప్రెసర్‌తో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. తడి గుడ్డతో తుడవాలి.

గేర్‌బాక్స్ దిగాక వెంటనే కొత్త సామాను మీదికి చేయి పోనివ్వకండి. పాతది ఏం చెబుతుందో చూడండి. ఫ్లైవీల్ మొహం మీద నీలం మచ్చలుంటే వేడి ఎక్కడ ఎక్కిందో తెలుస్తుంది. డ్యూయల్ మాస్ అయితే బయటి చక్రాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పండి, ముందుకూ వెనక్కూ ఊపండి. ఎంత ఆట వరకు సరేననేది మాన్యువల్‌లో ఉంటుంది. గ్రీజు బయటికి కక్కి ఉంటే కొలవనక్కర్లేదు, పని అయిపోయినట్టే.

డ్యూయల్ మాస్‌ను లేత్ మీద సాపు చేయిస్తే సరిపోతుందని ఎవరన్నా చెబితే వినకండి. షెడ్డు పెట్టిన కొత్తలో నేను విన్నాను. ఊర్లోని ఒక లేత్‌లో "గంటల చేసిస్త" అన్నారు, చేసిచ్చారు, అద్దంలా మెరిసింది. రెండు నెలలకు బండి గడగడలాడుతూ తిరిగొచ్చింది. రెండోసారి గేర్‌బాక్స్ దించిన కూలి నేనే పెట్టుకున్నాను. సింగిల్ మాస్ అయితే సాపు చేయించుకోవచ్చు, కానీ మొహానికీ ప్రెషర్ ప్లేటు కూర్చునే అంచుకూ మధ్య మెట్టు ఉంటే రెండింటినీ సమానంగా తీయాలి. ఒకటే తీస్తే అదిమే బలం మారిపోతుంది, మనం వేసిన లెక్కంతా గోదాట్లో కలిసినట్టే.

ఇప్పుడు ఇంజన్ వెనక ఆయిల్ సీల్ చూడండి. కాస్త చెమ్మ కనిపించినా మార్చేయండి. ఆ సీల్ చిన్న ఖర్చు. దాని కోసం మళ్లీ గేర్‌బాక్స్ దించడం పెద్ద ఖర్చు. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ కూడా అంతే. రిలీజ్ బేరింగ్ కొత్తదే వేయాలి, దీని మీద చర్చ లేదు.

ఫ్లైవీల్ బోల్టులు ఒక్కసారికే. బిగించినప్పుడు అవి కొంచెం సాగుతాయి, ఆ సాగుడులోనే పట్టు ఉంటుంది. మళ్లీ వాడితే ఆ పట్టు రాదు. ఫోక్స్‌వాగన్ కుటుంబం ఇంజన్లలో చాలావాటికి 60 న్యూటన్ మీటర్లు, ఆపైన పావు చుట్టు. మీ ఇంజన్ అంకె మాత్రం మాన్యువల్‌లోనే చూసుకోండి. ఎదురెదురు బోల్టులు వరసగా బిగించాలి. పావు చుట్టును కళ్లతో కొలవకండి, బోల్టు తల మీద సుద్దతో గీత పెట్టుకోండి. ఎయిర్ గన్‌ను ఆ రోజు తాళం వేసి పెట్టండి.

కొత్త ఫ్లైవీల్‌కు తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు. బ్రేక్ క్లీనర్‌తో, తెల్ల గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవండి. ఆ తర్వాత మొహాన్ని ముట్టుకోవద్దు. మా షెడ్డులో ఒక తమ్ముడు మధ్యలో మిర్చి బజ్జీ తిని, ప్యాంటుకు చేయి తుడుచుకుని ప్లేటు ఎత్తాడు. ఆ బండి నెల రోజులు మొదటి గేరులో వణికింది.

ప్లేటుకు ముందూ వెనకా ఉంటాయి. జర్మన్ ప్లేట్ల మీద "గెట్రీబెజైటె" అని అచ్చు వేసి ఉంటుంది. గేర్‌బాక్స్ వైపు అని అర్థం. తిరగేసి బిగిస్తే స్ప్రింగుల దిమ్మె ఫ్లైవీల్ బోల్టులకు తగులుతుంది, క్లచ్ వదలదు. ప్లేటు నడిమధ్య ఉన్న పళ్లకు, అంటే స్ప్లైన్లకు, వేడికి ఓర్చే గ్రీజు కొంచెం రాసి, ప్లేటును ఒకసారి షాఫ్ట్ మీద ఎక్కించి దింపి, బయటికి వచ్చిన గ్రీజంతా తుడిచేయండి. కంటికి కనిపించనంత మిగిలితే చాలు. ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి లైనింగ్ మీద పడుతుంది.

ప్లేటును నడిమధ్యకు తెచ్చే ప్లాస్టిక్ కడ్డీ కిట్‌తోనే వస్తుంది. అది పెట్టి, ప్రెషర్ ప్లేటు బోల్టులు ఒక్కోటి అర చుట్టు చొప్పున, నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా తిప్పుకుంటూ పోవాలి. ఒకవైపు ముందే బిగిస్తే లోపలి రేకు వంకరపోతుంది. ప్రెషర్ ప్లేటు తనంత తానే సర్దుకునే రకమైతే దాని సర్దుబాటు రింగు కదలకుండా పట్టే పనిముట్టు విడిగా ఉంటుంది. అది లేకుండా మొదలుపెట్టకండి.

ఇక అన్నిటికన్నా ఎక్కువ క్లచ్‌లు పాడయ్యే ఘడియ. గేర్‌బాక్స్ మళ్లీ ఎక్కించేటప్పుడు ఇన్‌పుట్ షాఫ్ట్ స్ప్లైన్లలోకి దూరాక, బెల్ హౌసింగ్ ఇంకా వేలెడు దూరంలో ఉండగా, చేతులు నొప్పి పుట్టి గేర్‌బాక్స్‌ను అట్లా వేలాడదీస్తారు. ఆ బరువంతా సన్నటి ప్లేటు మీద పడి దాని నడిమి భాగం వంగుతుంది. కంటికి కనిపించదు. బండి స్టార్ట్ చేశాకే తెలుస్తుంది: క్లచ్ పూర్తిగా వదలదు, రివర్స్ గేరు గర్రుమంటుంది. కాబట్టి కింద జాకీ ఉండాలి, ఇద్దరు మనుషులుండాలి. చివరి వేలెడు దూరం బోల్టులతో లాగి దగ్గరికి తేకండి. అది చేత్తోనే రావాలి. రాలేదంటే ఏదో వంకర ఉన్నట్టు. వెనక్కి తీసి చూడండి. నాలుగో గేరులో పెట్టి అవుట్‌పుట్‌ను కొద్దిగా తిప్పుతూ తోస్తే స్ప్లైన్లు కలిసిపోతాయి.

చాలా బండ్లలో క్లచ్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ ఒకే డబ్బాలోంచి వస్తాయి. గాలి తీసేటప్పుడు డబ్బా ఎండిపోకుండా చూడండి, లేకపోతే బ్రేకులకూ గాలి ఎక్కుతుంది. పెడల్ మెత్తగా ఉంటే క్లచ్‌ను తిట్టకండి. ముందు గాలి తీయండి.

బండి దింపాక మొదటి 800 కిలోమీటర్లు ఊర్లోనే నడపండి. హైవే మీద ఆ దూరం ఒక్కరోజులో అయిపోతుంది కానీ దానివల్ల ఒరిగేదేమీ లేదు. కావాల్సింది కిలోమీటర్లు కాదు, నెమ్మదిగా పట్టడం, వదలడం. అన్ని రోజులూ నిండు టర్బో ఒత్తిడి ముట్టుకోకండి. ఆ మాట చెబితే పిల్లగాడు "800 దాకనా అన్నా" అని మొహం వేలాడేశాడు. మూడు శనివారాలు హన్మకొండ, కాజీపేట, వరంగల్ చౌరస్తా తిరిగి, నాలుగో శనివారం హంటర్ రోడ్డు మీద నుంచి ఫోన్ చేశాడు. ముల్లు ఎగరలేదట.

హోంవర్క్: మీ బండి క్లచ్ ప్లేటు బయటి, లోపలి వ్యాసాలు విడిభాగాల పట్టికలో గానీ పాత ప్లేటు మీద గానీ కొలిచి, మీ టార్క్‌కు పావువంతు కలిపి, ఘర్షణ గుణకం 0.3 పెట్టి, ఎంత బలం అదిమితే సరిపోతుందో న్యూటన్లలో కట్టుకురండి. అంకె 9,000 దాటితే మాత్రం పెడల్ తొక్కేముందు నాకు చూపించండి. ఐదో పాఠంలో గేర్‌బాక్స్ మౌంట్లు, ఎత్తు మీద బండి వణకడానికి అవి కారణమో క్లచ్ కారణమో వేరు చేసే పద్ధతి.